రాసి ఇవ్వని అనుమతి

1954 వేసవిలో నన్ను కర్నూలు జిల్లా కోర్టుకు ట్రాన్స్‌లేటరుగా వేశారు. అంతకు ముందు బళ్ళారి జిల్లా కోర్టులో అదే పనిలో ఉండేవాణ్ణి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు పోయింది, ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో కలిసింది. నా సొంత ఊరు ఆదోని. కన్నడం, తెలుగు రెండూ చిన్నప్పటి నుంచీ వచ్చినవే. ఆదోని తాలూకా దస్తావేజుల్లో సగం కన్నడంలో ఉండేవి కాబట్టి వాటితోపాటు నన్నూ ఇటు పంపించారు.

ట్రాన్స్‌లేటరు ఉద్యోగం గుమాస్తాల వరసలోదే. శిరస్తాదారు కంటే కింద, కాపీయిస్టుల కంటే పైన. చేయవలసిన పనులు రెండు. కాగితాలను ఇంగ్లీషులోకి తిప్పి ఇవ్వడం ఒకటి. కోర్టు భాష రాని సాక్షి బోనెక్కితే అతని నోటి మాటను అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పడం రెండోది. ఈ రెండో పనికి ముందు ప్రమాణం చేయాలి. సాక్షి చెప్పింది కలపకుండా, తీయకుండా చెబుతానని. ఇంకొక నియమం కూడా ఉంది. 'సాక్షి చూడలేదంటున్నాడు' అని చెప్పకూడదు. 'నేను చూడలేదు' అనాలి. సాక్షి ఎవరైనా, బోను పక్కన నిలబడినంతసేపూ 'నేను' అంటే అతనే. కొత్తలో ఇది కాస్త ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది.

ఆ మరుసటి ఏడు మా కోర్టుకు ఒక కాపీరైటు దావా వచ్చింది. అలాంటివి ఈ జిల్లాలో చాలా అరుదు. వాది ఒక కన్నడ నాటక కంపెనీ యజమాని. ప్రతివాది ఎమ్మిగనూరులో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, పేరు ఈరన్న. 'కడెయ జోడి' అనే కన్నడ నాటకాన్ని ఈరన్న 'కడపటి కాడి' అని తెలుగు చేసి, ఆదోనిలో కొద్ది ప్రతులు అచ్చు వేయించి, ఊళ్ళోని మగ్గాల పనివాళ్ళతో ఆడించాడు. ఎమ్మిగనూరులో, నందవరంలో, చుట్టుపక్కల జాతరల్లో దానికి మంచి పేరు వచ్చింది. ఆ కంపెనీ ఆదోనిలో డేరా వేసి అదే నాటకం కన్నడంలో మొదలుపెడితే, 'ఇది మనోళ్ళ నాటకమే కదా, చూసినాం' అని జనం రావడం మానేశారట. దావాకు మూలం అది.

అప్పుడు అమల్లో ఉన్నది 1914 నాటి చట్టం. దాని కింద ఇలాంటి దావా మునసబు కోర్టులో పడదు, జిల్లా జడ్జి దగ్గరే వేయాలి. మన దేశంలో అచ్చయిన రచనను వేరే భాషలోకి తిప్పే హక్కు మొదటి పదేళ్ళూ గ్రంథకర్తది. ఆలోగా ఆయన ఆ భాషలో అనువాదం వేయించకపోతే ఆ తర్వాత ఎవరైనా చేసుకోవచ్చు. ఈ నాటకానికి ఇంకా ఆ గడువు తీరలేదు. గ్రంథకర్త తన హక్కును అమ్ముకోవచ్చు, మరొకరికి అనుమతీ ఇవ్వవచ్చు. అయితే రెండూ రాతలో, సంతకంతో ఉండాలి.

ఆ నాటకం రాసింది సిద్ధలింగప్ప. బళ్ళారిలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే పాఠశాలలో పంతులుగా పనిచేసి రిటైరయ్యాడు. ఈరన్న ఆయన శిష్యుడు. బళ్ళారిలో చదివిన రోజుల్లో ఆదివారాలు ఆ ఇంట్లోనే తిని, ఆయన దగ్గరే కన్నడం గట్టిగా నేర్చుకున్నాడు. సిద్ధలింగప్పకు పిల్లలు లేరు. రిటైరైన తర్వాత చూపు పోవడం మొదలైంది. ఆ సమయంలో కంపెనీ యజమాని ఆయన్నూ, భార్య గౌరమ్మనూ చేరదీశాడు. ఉండడానికి చోటు, రెండు పూటలా తిండి. దానికి బదులుగా ఆయన రాసిన నాటకాలన్నిటి మీదా, అన్ని భాషల్లోనూ హక్కు రాయించుకున్నాడు. దస్తావేజు సక్రమంగానే ఉంది. దాన్ని అనువదించింది నేనే.

ఈరన్న జవాబు ఒక్కటే. ఆ దస్తావేజు పుట్టకముందే తాను గురువుగారిని అడిగానని, ఆయన వాళ్ళింట్లో గౌరమ్మ ఎదుట నోటితో సరేనన్నారని. రాత లేకపోయినా, గ్రంథకర్త మనసారా ఒప్పుకున్నాడని రుజువైతే కోర్టు నాటకం మీద నిషేధం ఇవ్వడానికి వెనకాడవచ్చని అతని వకీలు ఆశ.

జడ్జిగారికి కన్నడం రాదు. రెండు నాటకాలనూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టిక తయారు చేయమని నన్ను ఆదేశించారు. మూలాన్ని అనుసరించినవి, మార్చినవి, మూలంలో లేనివి అని మూడు వరసలు గీసుకుని మొదలుపెట్టాను. కథ సాదా కథ. కరువు సంవత్సరంలో ఒక రైతు కుటుంబం ఉన్న కాడి ఎద్దులను ఒకదాని తర్వాత ఒకటి అమ్ముకోవడం. నాటకంలో చాలా భాగం గురువుగారిదే. శిష్యుడు దాన్ని మా పక్క తెలుగులోకి తిప్పిన తీరు చూసి, అదే పని చేసి బతికేవాణ్ణయిన నేను చాలాచోట్ల ఆగి మళ్ళీ చదువుకున్నాను. అది పట్టికలో చేరే సంగతి కాదు.

ఒక రంగం మాత్రం పూర్తిగా మూడో వరసలోకి వచ్చింది. కన్నడంలో రైతు సంత నుంచి వచ్చి 'ఎత్తు మారిదె', ఎద్దును అమ్మేశాను, అంటాడు. తెర పడుతుంది. తెలుగులో అంతకు ముందే రైతు భార్య, తోలుకుపోతున్న ఎద్దు ముందు నిలబడి మాట్లాడుతుంది:

'పో నాయినా. ఆడ గడ్డి యేస్తే తిను. మా మింద అలిగి పస్తుండద్దు. నిన్ను అమ్ముకున్నోల్లం మేము. నీకు గడ్డి యేసేటోల్లు యేం పాపం సేసినారు?'

ఆ మాటలు ఇంగ్లీషులోకి తిప్పి, పక్కన 'మూలంలో లేదు' అని రాశాను.

సిద్ధలింగప్పకు చూపు లేదు, కర్నూలు దాకా ప్రయాణం చేయలేడు. కాబట్టి ఆయన సాక్ష్యం కమిషన్ మీద తీసుకోవాలని ఉత్తర్వు అయింది. అంటే ఒక వకీలును కోర్టు కమిషనరుగా నియమిస్తుంది. ఆయన సాక్షి ఉన్న చోటికి వెళ్ళి సాక్ష్యం రాసుకొని కోర్టుకు పంపుతాడు. కంపెనీ అప్పుడు ఆదోనిలోనే ఉంది. మునసబు కోర్టు పక్క గదిలో ఏర్పాటు చేశారు. అనువాదానికి నన్ను పంపించారు.

ఎండాకాలం. బయట పత్తి బండ్లు పోతున్న చప్పుడు. గదిలో కమిషనరు, ఇరుపక్షాల వకీళ్ళు, కంపెనీ యజమాని, ఈరన్న. ఈరన్నను నేను చూడడం అదే మొదలు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఉతికిన ఖద్దరు చొక్కా. సిద్ధలింగప్పను గౌరమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా తెచ్చింది. గుమ్మం దగ్గర ఈరన్న లేచి వెళ్ళి ఆయన రెండో చెయ్యి పట్టుకున్నాడు, అలవాటుగా. ముసలాయన ఆ చేతిని తడిమి ఎవరిదో తెలుసుకున్నట్టున్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి ఈరన్న తన చోటికి వచ్చాడు. గౌరమ్మ బయట వరండాలో కూర్చుంది.

వాది వకీలు మొదట నాటకం ఆయనదేనని, దస్తావేజు మీద సంతకం ఆయనదేనని చెప్పించుకున్నాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. ఈ ప్రతివాదికి మీ నాటకం తెలుగు చేసుకోవడానికి అనుమతి ఇచ్చారా?

'బరెదు కొట్టిల్ల' అన్నాడు సిద్ధలింగప్ప.

కన్నడంలో ఆ మాటకు రాసి ఇవ్వలేదు అని అర్థం. ప్రశ్నలో రాత సంగతి లేదు. జవాబులో ఉంది. నేను ఉన్నది ఉన్నట్టుగా ఇంగ్లీషులో 'నేను రాసి ఇవ్వలేదు' అన్నాను. కమిషనరు రాసుకున్నాడు. చట్టానికి అది చాలు కాబట్టి వాది వకీలు తృప్తిగా కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ ముసలాయన అబద్ధం చెప్పకుండా ఆ గదిలోంచి బయటపడే దారి వెతుక్కుంటున్నాడని అనిపించింది.

ప్రతివాది వకీలు ఆ సందు చూశాడు. అది అతని వృత్తి. లేచి అడిగాడు. 'రాసి ఇవ్వలేదన్నారు. నోటితో ఇచ్చారా?'

ప్రశ్నను కన్నడంలోకి తిప్పి నేనే ఆయనకు చెప్పాను. కంపెనీ యజమాని కిటికీ దగ్గర కూర్చుని గొంతు సవరించుకున్నాడు. చూపు లేని మనిషి ముఖం ఆ చప్పుడు వైపు తిరిగింది. ఇంకొకసారి అడగమని కమిషనరు సైగ చేశాడు. అడిగాను.

'కొట్టిల్ల' అన్నాడు సిద్ధలింగప్ప.

ఇవ్వలేదు. నేను ఇంగ్లీషులో, నియమం ప్రకారం, 'నేను ఇవ్వలేదు' అన్నాను.

'మీ ఇంట్లో, మీ భార్య ఎదుట, "తగొండు హోగప్పా, ఇదు నిందే" అని ఈరన్నతో అన్నారా, లేదా?'

తీసుకుపో నాయనా, ఇది నీదే అని. ఆ మాట వినగానే ఆయన పెదవులు కదిలాయి. 'నెనపిల్ల' అన్నాడు. జ్ఞాపకం లేదు.

వకీలు కాగితాలు బల్ల మీద పెట్టి కమిషనరుతో చెప్పాడు. ఈయనకు జ్ఞాపకం లేకపోతే ఆమెకు ఉంటుంది. ఆమె ఇక్కడే వరండాలో ఉంది. ఈ వేళే పిటిషన్ పెట్టి ఆమెకు సమన్లు ఇప్పిస్తాను. ఆమెనూ విచారిద్దాం.

సిద్ధలింగప్ప కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు ఈరన్న లేచి నిలబడ్డాడు. పార్టీలు మధ్యలో మాట్లాడకూడదు. కమిషనరు కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు.

'వద్దు సార్. ఆయమ్మను పిలవద్దు.'

'ఏం మాట్లాడుతున్నావయ్యా? ఆమె చెబితే దావా మనవైపు తిరుగుతుంది' అన్నాడు వకీలు తగ్గు గొంతుతో. చిన్న గది, అందరికీ వినపడింది.

'తెలుసు సార్. ఆయమ్మ అబద్ధం సెప్పదు. అందుకే వద్దంటాండాను. మొగుడు ఒగటి సెప్పి, పెండ్లాము ఇంగొగటి సెప్తే, ఈడినించి ఇద్దురూ యాడికి పోవల్ల? నాటకం ఆడకుంటే మాకేం, మగ్గాలుండాయి, బడి ఉండాది. వాల్లకేముండాది సార్?'

ఇది సాక్ష్యం కాదు కాబట్టి రికార్డులోకి ఎక్కలేదు. సాక్షికి తెలుగు అర్థమవుతుంది. ఎవరూ అనువదించే పని లేకపోయింది. పిటిషన్ వేయడం లేదని వకీలు చెప్పాడు.

సాక్ష్యం పూర్తయ్యాక దాన్ని సాక్షికి అతని భాషలో చదివి వినిపించాలి. తప్పులుంటే సరిచేసుకునే హక్కు అప్పుడు అతనికి ఉంటుంది. తర్వాత సంతకం. ఇంగ్లీషు కాగితం చూస్తూ మొత్తం మళ్ళీ కన్నడంలో చెప్పాను. నోటితో ఇచ్చారా అన్న ప్రశ్నకు 'నేను ఇవ్వలేదు' అన్న జవాబు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తాడు. ఆగాను. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. గదిలో అందరం ఎదురుచూశాం. ఒక్క మాట అంటే చాలు, సరిదిద్దినట్టు రాసుకునేవాళ్ళు.

'సరి' అన్నాడు. ఆయన వేలు పట్టుకుని సంతకం పెట్టవలసిన చోటు చూపించాను. పెట్టాడు.

తర్వాత కర్నూలులో ఈరన్న బోనెక్కాడు. అనుమతి సంగతి చెప్పాడు. అయితే సిద్ధలింగప్ప ప్రమాణం చేసి అబద్ధం చెప్పారంటావా అని వాది వకీలు అడిగాడు. 'పెద్దాయన సార్, మర్సిపోయినాడేమో' అన్నాడు ఈరన్న. మూలంలో లేని ఆ ఎద్దు రంగం ఎక్కడి నుంచి ఎత్తి రాశావని జడ్జిగారే అడిగారు. 'యాడినించీ కాదు సార్. మా కాడెద్దును అమ్మినప్పుడు మా యమ్మ అన్న మాటలు. నాకు ఎనిమిదేండ్లప్పుడు. అట్లే రాసినాను' అన్నాడు. ఆ జవాబు తెలుగులోనే ఉంది, జడ్జిగారికి తెలుగు వచ్చు. నా అవసరం లేకపోయింది.

తీర్పు వాదికే వచ్చింది. ఒకరి స్థలంలో ఎంత అందమైన గోడ కట్టినా స్థలం కట్టినవాడిది కాదని జడ్జిగారు రాశారు. చట్టం దృష్టిలో అందులో తప్పు లేదు. శాశ్వత నిషేధం ఇచ్చారు. హక్కు లేకుండా వేసిన ప్రతులు హక్కుదారు ఆస్తి కింద లెక్క అని చట్టంలో ఉంది. అందుకని మిగిలిన ప్రతులన్నీ కంపెనీకి అప్పగించమన్నారు. కోర్టు అమీను ఎమ్మిగనూరు వెళ్ళి తెచ్చాడు. అడగకుండానే రాతప్రతి కూడా తీసి చేతికి ఇచ్చాడట ఈరన్న.

మరుసటి ఏడు ఒక పెళ్ళికని ఆదోని వెళ్ళాను. కంపెనీ మళ్ళీ డేరా వేసింది. ఈసారి తెలుగు నాటకం. గోడల మీద కాగితాలు అంటించారు. 'కడపటి కాడి. రచన: సిద్ధలింగప్ప.' టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. మొదటి మాట నుంచీ ఈరన్న తెలుగే, పట్టిక కోసం అన్నిసార్లు చదివిన నాకు దాదాపు కంఠతా వచ్చినదే. అక్కడక్కడా కొన్ని పాటలు దూర్చారు. ఎద్దు రంగంలో మాత్రం ఒక్క అక్షరం మార్చలేదు. బెంగళూరు నుంచి వచ్చిన నటి 'నీకు గడ్డి యేసేటోల్లు యేం పాపం సేసినారు' అన్నప్పుడు నేల మీద కూర్చున్న ఆడవాళ్ళు గట్టిగా ఏడ్చారు.

కర్నూలుకు తిరిగి వెళ్ళే బస్సు ఎమ్మిగనూరు మీదుగానే పోతుంది. దిగి బడికి వెళ్ళాను. దావా ముగిసింది కాబట్టి మాట్లాడడానికి అడ్డం లేదు. పిల్లలను ఆటకు వదిలి ఈరన్న అరుగు మీద చాప పరిచాడు. విషయం చెప్పాను. నాటకం వాళ్ళదైనా, ఆ రంగం మూలంలో లేదు. ఆ మాట కోర్టు రికార్డులోనే ఉంది. దాని మీద హక్కు రాసినవాడిదేనని వాదించడానికి మంచి ఆధారం ఉంది. మంచి వకీలును చూపిస్తాను అన్నాను.

'సూసొచ్చినాను సార్' అన్నాడు. 'పోయిన వారమే పోయింటి. మా యమ్మ మాట్లాడినట్లే మాట్లాడె ఆ నటి. బాగుండాది.'

'మరి కేసు?'

'కేసేస్తే మల్లా ఆ రచన ఎవురిదని ఆయప్పను అడుగుతారు. మల్లా ఆయప్ప యేమని సెప్పల్ల? ఒగసారి సెప్పినాడు, సాలు సార్.'

వాళ్ళు కనిపించారా అని అడిగాను. డేరా వాకిట్లో గౌరమ్మ కనిపించిందట. దూరం నుంచే గుర్తుపట్టి నిలబడిపోయిందట.

'"ఊట ఆయ్తేనప్పా" అన్న్యాది. అన్నం తిన్న్యావా అని. ఆయిందమ్మా అన్న్యాను. ఇంగేం మాట్లాడల్ల? లోపలికి పోయి కుచ్చున్న్యాను.' ఆడుకుంటున్న పిల్లల వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. 'ఆ తెరువాత ఒగ అచ్చరం రాయలేదు సార్. కుచ్చుంటాను. రాయబుద్ది కాదు. ఇది ఎవురిదో, ఎవుర్ని అడగల్లనో అనిపిస్తాది.'

ఆట ముగించి పిల్లలు వచ్చారు. నేను లేచాను.

సిద్ధలింగప్ప ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. కంపెనీ మద్దికెరలో ఉండగా పోయాడు. కబురు తెలిసి ఈరన్న వెళ్ళి, కొడుకు లేని ఆయనకు కొడుకు చేయవలసినవన్నీ తాను చేశాడని అతని వకీలు చెప్పగా విన్నాను. గౌరమ్మను తనతో ఎమ్మిగనూరుకు రమ్మన్నాడట. ఆమె రాలేదు. ఏ ముఖంతో వస్తాననిందట. బళ్ళారిలో అక్క కూతురింటికి వెళ్ళిపోయింది. ఈరన్న అక్కడా ఇక్కడా బడుల్లో పనిచేసి హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాడు. అతని పేరుతో మరో పుస్తకం రాలేదు.

1958లో కొత్త కాపీరైటు చట్టం అమల్లోకి వచ్చింది. అనుమతి రాతలో ఉండాలన్న నియమం అందులోనూ ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఆ తర్వాతా, పుస్తకం అనువదిస్తామనో, కథను నాటకం చేస్తామనో చాలామంది నా దగ్గరికి సలహాకు వచ్చారు. 'రచయిత మాకు బాగా కావలసినవాడు, కాగితం అడిగితే బాగుండదు' అని దాదాపు అందరూ అనేవారు. వాళ్ళకు నేను చెప్పింది ఒకటే. ఎంత కావలసినవాడైతే అంత తొందరగా రాయించుకోండి. అది ఆయన మీద అనుమానంతో అడిగే కాగితం కాదు. ఎప్పుడైనా ఆయనకు గడ్డుకాలం వచ్చి ఎవరి పంచనో ఉండవలసి వస్తే, మీ గురించి ఆయన అబద్ధం చెప్పనక్కరలేకుండా చేసే కాగితం అది.